హ్యూస్టన్ ఆట, తార్నాకలో మా టీవీ: ఒక సీజన్ చందా కట్టి చూశాక

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ లైవ్ చూపించే ఒక యాప్‌కి నవంబర్‌లో చందా కట్టాను. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ పురుషుల జట్టు 2024-25 సీజన్‌లో 40 ఆటలు ఆడితే అందులో 31 మా ఇంట్లో కూర్చుని చూశాను. యాప్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బందుల్లో కొంత మా ఇంటి నెట్‌దీ అయ్యుండొచ్చు, ఎవరిది ఎంతో తేల్చే సాధనం నా దగ్గర లేదు. అయినా ఇలాంటి చందా ఏది కట్టాలనుకున్నా ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. ముఖ్యంగా పిల్లలు అక్కడ చదువుకుంటున్న అమ్మానాన్నలకు.

మాది తార్నాక. ప్రభుత్వ పాఠశాలల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. డిగ్రీ రోజుల్లో మా కాలేజీ జట్టుకు ఆడాను. ఉస్మానియా ఇంటర్ కాలేజీ పోటీల్లో సిమెంటు కోర్టు మీద పడి చెక్కుకుపోయిన మోకాలి మచ్చ ఇంకా ఉంది. మా అబ్బాయి 2024 ఆగస్టులో హ్యూస్టన్‌కి ఎంఎస్ చదవడానికి వెళ్ళాడు. మొదటి రెండు నెలలు ఫోన్‌లో మా మాటలన్నీ ఒక్కటే తీరు. "తిన్నావా?" "తిన్నా." "చలి ఉందా?" "లేదు నాన్నా." అంతే, తర్వాత ఫోన్ వాళ్ళమ్మకిచ్చేవాణ్ణి. ఒకరోజు వాడే అన్నాడు: "నాన్నా, మా కాలేజీ టీం ఆట చూడండి. మీకు నచ్చే ఆట ఆడతరు." అలా మొదలైంది.

ఖర్చు ముందు చెప్పేస్తాను. నెలకు ఇద్దరం ప్రసాద్స్‌లో సినిమా చూసినంత. సీజన్ మొత్తానికి ఒకేసారి కడితే కొంత తగ్గింది. ఫోన్‌లో పెట్టి టీవీకి కలుపుకుంటే పెద్ద బొమ్మ వస్తుంది, మాకు ఎక్కువ రోజులు మంచి క్వాలిటీనే వచ్చింది. గంటకు రెండు మూడు జీబీ లాగుతుంది కాబట్టి ఫోన్ డేటా మీద ఆధారపడకండి, ఇంటికి వైర్ నెట్ ఉంటేనే కట్టండి.

మన దగ్గర ఆడే ఆటకీ అక్కడి కాలేజీ ఆటకీ తేడాలున్నాయి, తెలియకపోతే మొదట్లో తికమక పడతారు. మనం పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఆడతాం. వాళ్ళ మగపిల్లలు ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు ఆడతారు. షాట్ వేయడానికి మనకు 24 సెకన్లు, వాళ్ళకు 30. ఎదుటి జట్టు ఒక సగంలో ఏడు ఫౌల్స్ చేస్తే 'వన్ అండ్ వన్' అని ఒకటుంది: మొదటి ఫ్రీ త్రో (ఫౌల్ అయినందుకు ఎవరూ అడ్డు రాకుండా వేయనిచ్చే షాట్) పడితేనే రెండోది ఇస్తారు. ఈ రూల్ గుర్తుపెట్టుకోండి, కింద దీంతో పని ఉంది. దాదాపు నాలుగు నిమిషాలకొకసారి యాడ్స్ కోసం ఆట ఆగుతుంది. ఆ యాడ్స్ మనకు రావు, 'ఆట త్వరలో మొదలవుతుంది' అని ఒక బోర్డు మాత్రం పెడతారు. నాకది ఇబ్బంది కాలేదు. చాయ్ పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది.

ఇక జట్టు సంగతి. నేను ఉద్యోగమంతా పిల్లలకు ఏది నేర్పడానికి తంటాలు పడ్డానో, ఈ జట్టు అదే ఆడుతుంది. కోచ్ కెల్విన్ శాంప్సన్ వయసు అప్పటికి 69. వాళ్ళ నాన్న కూడా హైస్కూల్ కోచేనట. ప్రాక్టీసులో వీళ్ళు రింగ్ మీద ప్లాస్టిక్ బుడగలాంటి మూత బిగిస్తారు. బాల్ ఎంత బాగా వేసినా లోపల పడదు, ఎగిరి బయటికే వస్తుంది. ఆ బాల్ కోసం కొట్టుకోవడమే ప్రాక్టీసు. ఇది విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. పిల్లలకు బాల్ ఇస్తే అందరూ రింగ్ వైపే వేస్తారు, వేసి నిలబడి చూస్తారు. పడకపోతే ఎవరు తేవాలి? ఆ ప్రశ్నకు రింగ్ మూసేసి జవాబు చెప్పినాయన ఈయనొక్కడే నాకు కనిపించాడు. మ్యాచ్‌లో చూడండి: షాట్ గాల్లో ఉండగానే ముగ్గురు బోర్డు కిందికి దూరతారు. నేల మీద దొర్లే బాల్ మీద పడుకోవడానికి ఎవరూ వెనకాడరు. జువాన్ రాబర్ట్స్ అని ఒక ఎడమచేతి అబ్బాయి, 2019లో చేరి ఆ సీజన్ దాకా అదే కాలేజీకి ఆడాడు. పిల్లలు ఏటా కాలేజీలు మారుతున్న ఈ రోజుల్లో అలా ఒకేచోట నిలబడ్డాడంటే నాకు వాడి మీద ప్రత్యేకమైన అభిమానం.

ఇప్పుడు అసలు లోపానికి వస్తాను. లైవ్ అంటారు గానీ లైవ్ కాదు. స్కూల్లో వంద మీటర్ల పరుగుకు వాడిన స్టాప్‌వాచ్ నా దగ్గర ఇంకా ఉంది. ఒకరోజు అబ్బాయి తన ఫోన్ కెమెరాను వాళ్ళ రూంలో టీవీ వైపు తిప్పి పెట్టాడు. అక్కడ ఆట మొదలుపెట్టే జంప్ బాల్ లేవగానే నొక్కాను. మా టీవీలో అదే బాల్ లేచేసరికి 47 సెకన్లు. ఇంకోరోజు చూస్తే 52.

ఎందుకలా అని అడిగితే వాడే విడమరిచి చెప్పాడు. కెమెరా తీసిన బొమ్మను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కనూ మంచి నెట్ ఉన్నవాళ్ళకొక సైజు, బలహీనమైన నెట్ వాళ్ళకొక సైజు అని నాలుగైదు రకాలుగా తయారుచేస్తారు. అవి మనకు దగ్గర్లో ఉన్న సర్వర్లకు చేరాలి. మన యాప్ కూడా వచ్చిన ముక్కను వచ్చినట్టే చూపించదు, మధ్యలో ఆగిపోకుండా కొన్ని ముక్కలు చేతిలో పెట్టుకుని అప్పుడు మొదలుపెడుతుంది. ప్రతి మెట్టు మీదా కొన్ని సెకన్లు పోతాయి.

సినిమాకైతే ఈ 47 సెకన్లతో ఏమీ నష్టం లేదు. ఆటకు, అందులోనూ ఆట జరిగే దేశంలో మనవాడు ఉన్నప్పుడు, ఇది చాలా పెద్ద సంగతి. జనవరి 26 తెల్లవారుజామున కాన్సస్‌తో ఆట. వాళ్ళ కోర్టులో, వాళ్ళ జనం మధ్య. మొదటి ఓవర్‌టైం (టై అయితే ఆడే అదనపు ఆట) చివర్లో హ్యూస్టన్ 6 పాయింట్లు వెనకబడింది, సెకన్లు మాత్రమే ఉన్నాయి. ఒక మూడు పాయింట్ల షాట్ పడింది. ఇంకా మూడు కావాలి. నేను సోఫా అంచుకు జరిగాను. ఫోన్ మోగింది. ఎత్తగానే చెవి పగిలేలా "టై అయింది నాన్నా! టై అయింది!" అని అరుపు. మా టీవీలో కాన్సస్ వాళ్ళు ఇంకా బాల్ లోపలికి వేయనేలేదు. తర్వాత మైలిక్ విల్సన్ ఆ బాల్ లాక్కుని షాట్ వేయడం, అది పడటం, అన్నీ ముందే చదివేసిన పేపర్‌లా చూశాను. రెండో ఓవర్‌టైంలో 92-86తో గెలిచారు. ఆ సంతోషంలోనే కాలనీ పార్కులో జెండా వందనానికి వెళ్ళాను గానీ, ఆ ఒక్క షాట్‌ను నేను తెలియకుండా చూడలేకపోయానే అన్న బాధ మిగిలింది.

ఆ రోజు ఒప్పందం చేసుకున్నాం. "నా టీవీల ఆట అయినంక నేనే చేస్త. అప్పటిదాక చెయ్యకురా." వాడు సరే అన్నాడు. ఓడిన రోజు మాట నిలబెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో టెక్సస్ టెక్ చేతిలో సొంత కోర్టులో ఓవర్‌టైంలో 82-81తో ఓడి, వరసగా 33 గెలుపుల తర్వాత ఇంట్లో మొదటి దెబ్బ తిన్నప్పుడు నేను చేసేదాకా ఫోన్ రాలేదు. గెలిచిన రోజు మాత్రం ఒక్కసారీ ఆగలేకపోయాడు. నేనూ తిట్టలేకపోయాను.

రెండో ఇబ్బంది టైం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, 2025లో అది మార్చి 9. ఆ రోజు నుంచి ఆటలన్నీ మనకు గంట ముందే మొదలవుతాయి. యాప్‌లో రిమైండర్ మాత్రం పాత లెక్కలోనే మోగింది. హ్యూస్టన్ ఆడే లీగ్ బిగ్ 12, దాని టోర్నమెంట్ ఫైనల్ అరిజోనాతో, తెల్లవారుజామున మూడున్నరకు. నన్ను నాలుగున్నరకు లేపింది. సగం ఆట పోయింది. గెలిచారు, 72-64. వెనక్కి తిప్పి చూద్దామంటే రీప్లే బొమ్మ కిందే పెద్ద అక్షరాల్లో స్కోరు వేసి ఉంటుంది. పొద్దున చూడలేక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూసేవాళ్ళు ఎందరుంటారు! స్కోరు దాచే ఒక బటన్ ఇవ్వడం అంత కష్టమా? కస్టమర్ కేర్‌కి రెండుసార్లు రాశాను. ధన్యవాదాలు అని జవాబు వచ్చింది, మార్పు రాలేదు.

రీప్లే సౌకర్యం ఉన్నందుకు మాత్రం నిండు మనసుతో మార్కులు వేస్తాను. మార్చి 29 శనివారం పొద్దున పర్డ్యూతో ఆట. మరునాడు ఉగాది. మా ఆవిడ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది, వేపపువ్వు, మామిడికాయలు తేవాలి. 60-60. మూడు సెకన్లు కూడా లేవు, హ్యూస్టన్ బాల్. సరిగ్గా అప్పుడు టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి చక్రం తిరగడం మొదలైంది. మళ్ళీ వచ్చేసరికి హ్యూస్టన్ పిల్లలు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ఫోన్ మోగుతూనే ఉంది. బజారు నుంచి వచ్చాక ఆ చివరి మూడు సెకన్లు వెనక్కి తిప్పి తిప్పి చూశాను. మిలోస్ ఊజాన్ గీత బయట నిలబడి తన జట్టువాడైన టగ్లర్‌కు బాల్ ఇచ్చాడు. ఇచ్చి ఆగలేదు, నేరుగా రింగ్ వైపు దూసుకెళ్ళాడు. టగ్లర్ ఆ బాల్‌ను నేలకు కొట్టి వెనక్కి అందించాడు. లే అప్, అంటే రింగ్ దగ్గరికెళ్ళి వేసే షాట్. 0.9 సెకన్లు మిగిలాయి. 62-60. 'ఇచ్చి, పరుగెత్తి, తీసుకో' అని ఆరో తరగతి పిల్లలకు మొదటి వారం నేర్పే పాఠం ఇది. అంత పెద్ద స్టేడియంలో, అంత టెన్షన్‌లో, ఆరో తరగతి పాఠాన్ని తప్పు లేకుండా ఆడారు. మా ఆవిడను కూర్చోబెట్టి చూపించాను. "ఇచ్చినోడే తీసుకున్నడు గదా" అంది. చూడగానే ఆమెకు అర్థమైంది.

మామూలుగా మా ఇంట్లో క్రికెట్టే. ఉప్పల్ స్టేడియం మాకు దగ్గర, ఐపీఎల్ రోజుల్లో ఆ రోడ్డు మీద ట్రాఫిక్ కూడా మా వీధిదాకా తెలుస్తుంది. ఐపీఎల్‌కి తెలుగు కామెంట్రీ ఉంది, కబడ్డీకీ ఉంది. బాస్కెట్‌బాల్‌కి ఎవరూ పెట్టరు. ఈ 31 ఆటలకూ మా ఆవిడకు నేనే తెలుగు కామెంట్రీ. 'బాక్స్ అవుట్'ని ఏమంటావు అంటే, 'వీపుతో అడ్డం నిలబడటం' అన్నాను. అంతకంటే మంచిమాట ఎవరికైనా తడితే చెప్పండి. కేవలం ఆడియో రూపంలోనైనా తెలుగులో ఇస్తే ఈ ఊళ్ళో వినేవాళ్ళు ఉన్నారని నా నమ్మకం. ఎన్ని ఇళ్ళ పిల్లలు ఆ కాలేజీల్లో లేరు!

పర్డ్యూతో ఆట మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంట్‌లోదే. ఆ ఏడాది అందులో 68 జట్లు. ఒక్క ఓటమితో ఇంటికి. హ్యూస్టన్ లాంటి జట్టు వరసగా ఆరు గెలిస్తే కప్పు. పర్డ్యూ కంటే ముందు గొంజాగాతో ఆటలో ఎల్.జె. క్రయర్ 30 పాయింట్లు కొట్టాడు, 81-76. ఉగాది రాత్రి, పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, పన్నెండు కావస్తుండగా టెన్నెసీతో ఆట పెట్టుకుంటే, మొదటి సగంలో అవతలి జట్టుకు 15 పాయింట్లే ఇచ్చారు. 69-50. డిఫెన్స్ అంటే ఏమిటో ఎవరికైనా చూపించాలంటే ఆ సగం చూపిస్తాను.

ఆ తర్వాతి ఆదివారం ఏప్రిల్ 6, శ్రీరామనవమి. డ్యూక్‌తో సెమీస్, మనకు పొద్దున ఆరుంబావుకు. పక్క వీధి గుడి దగ్గర పందిరి వేశారు, మైకులో పాటలు. మా ఆవిడ పానకానికి బెల్లం కొడుతోంది. రెండో సగంలో ఒక దశలో 14 పాయింట్లు వెనకబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాను. చివరి 35 సెకన్లకు కూడా 67-61, డ్యూక్ ముందుంది. ఎమాన్యుయెల్ షార్ప్ మూడు పాయింట్లు కొట్టాడు. డ్యూక్ బాల్ లోపలికి వేస్తే విల్సన్ మళ్ళీ లాక్కున్నాడు. వాడు వేసిన షాట్ పడలేదు. పడకపోతే ఎవరు తేవాలి? టగ్లర్ గాల్లోకి లేచి అందుకుని అలాగే రింగ్‌లో గుచ్చాడు. 67-66. మూత పెట్టిన రింగ్ కింద చేసిన ప్రాక్టీసంతా ఆ ఒక్క క్షణంలో కనిపించింది నాకు.

డ్యూక్ అబ్బాయికి ఫ్రీ త్రో, పైన చెప్పిన వన్ అండ్ వన్. మొదటిది తప్పింది, కాబట్టి రెండోది లేదు. ఆ తప్పిన బాల్ కోసం పోటీలో (రీబౌండ్) రాబర్ట్స్ మీద ఫౌల్. ఇప్పుడు రాబర్ట్స్ వేయాలి. వాడు ఫ్రీ త్రోల్లో అంత నికరం కాదు, సీజన్ అంతా చూసినవాణ్ణి కాబట్టి తెలుసు. లైన్ దగ్గర నిలబడి, బాల్ నేలకు కొట్టి, ఎడమచేత్తో వదిలాడు. ఒకటి. రెండు. 68-67. మా ఆవిడ బెల్లం కొట్టే రోలు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. అవతల కూపర్ ఫ్లాగ్, దేశం మొత్తం మెచ్చుకుంటున్న ఆటగాడు, బాల్ తీసుకుని రాబర్ట్స్ మీదుగా పైకి లేచాడు.

ఫోన్ మోగింది.

ఫ్లాగ్ ఇంకా గాల్లోనే ఉన్నాడు. నేను ఫోన్ ఎత్తలేదు. అయినా అది పడదని నాకు తెలిసిపోయింది. "ఇంత పొద్దుగాల గా లొల్లేంది" అని కింది వాటా ఆయన పైకి వచ్చేదాకా నేను అరిచానని నాకే తెలియలేదు. 70-67. ఆయనకు పానకం ఇచ్చి పంపించాం.

చందా కట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందని కాదు, ఎన్ని సెకన్లు వెనక ఉందని చూసుకోండి. ఒక వారం ట్రయల్ ఇస్తే, అక్కడున్న మీవాళ్ళతో ఫోన్ కలిపి స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. మార్చిలో టైం మారినప్పుడు రిమైండర్‌ని నమ్మకండి, గోడకు ఒక కాగితం అంటించుకోండి. మా ఫ్రిజ్ మీద అదే ఉంది. డబ్బుకు తగ్గ విలువ వచ్చిందా అంటే, వచ్చింది. ఐదుకు నాలుగు మార్కులు. ఆ తగ్గించిన ఒక మార్కూ 47 సెకన్ల కోసమే.

ఏప్రిల్ 8 మంగళవారం ఫైనల్, ఫ్లోరిడాతో. హ్యూస్టన్ అప్పటివరకు ఒక్కసారీ కప్పు గెలవలేదు. 1983లో ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ లాంటి పేరున్న ఆటగాళ్ళు ఉన్న జట్టు కూడా ఫైనల్ ఆఖరి క్షణంలో 54-52తో పోగొట్టుకుంది. ఈసారి రెండో సగంలో 12 పాయింట్ల ఆధిక్యం. అది కరిగింది. చివరి నిమిషంలో 64-63, తర్వాత 65-63, ఫ్లోరిడా ముందు. మిగిలినవి 19 సెకన్ల చిల్లర. బాల్ హ్యూస్టన్‌ది.

నేను ఫోన్‌ను టీవీ స్టాండ్ మీద, స్క్రీన్ పైకి ఉండేలా పెట్టాను. మోగాలని. ఐదు నెలల్లో మొదటిసారి అది నాకంటే ముందు మోగాలని కోరుకున్నాను.

బాల్ షార్ప్ చేతికి వచ్చింది. షాట్ వేయడానికి గాల్లోకి లేచాడు. ఫ్లోరిడా ఆటగాడు క్లేటన్ చెయ్యి ఎత్తి మీదికి వచ్చాడు. షార్ప్ వేయలేక బాల్ వదిలేశాడు. అది నేల మీద పడి ఎగురుతోంది, వాడు ముట్టుకుంటే ట్రావెల్, అంటే నియమం తప్పినట్టు, బాల్ అవతలి జట్టుకు పోతుంది. చేతులు దగ్గరికి తెచ్చి ఆగిపోయాడు. జీవితమంతా నేల మీద బాల్ కోసం దూకడం నేర్చుకున్న అబ్బాయి, కళ్ళ ముందు దొర్లుతున్న బాల్‌ను ముట్టుకోలేక నిలబడ్డాడు. ఫ్లోరిడా అబ్బాయి దాని మీద పడ్డాడు.

ఫోన్ వైపు చూశాను. మోగలేదు.

పది నిమిషాలు ఆగి నేనే చేశాను. వాడు ఎత్తాడు గానీ కాసేపు ఏమీ అనలేదు. వెనక ఎవరో సామాను సర్దుతున్న చప్పుడు.

"మీకు వచ్చేసిందా నాన్నా?"

"వచ్చింది."

"ఎందుకు వదిలిండు నాన్నా, వేసేయొచ్చు గదా?"

"వేస్తే బ్లాక్ అయ్యేది రా. పట్టుకుంటే ట్రావెల్. ఆ పిల్లగాడు తప్పేం చెయ్యలే."

అలా మొదలై గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం.